పళ్ళెమున జిడ్డు నిలుచుటకు కారణమేమి?
(అంట్లు కడుగు యంత్రమున నీరు వేడెక్కకుండుటను గూర్చి)

అన్నము తినిన పళ్ళెమును కడుగుట చిన్నపని యని మనము తలంతుము. ఇంటిలో నలుగురైదుగురు భుజించిన పళ్ళెములను తల్లియో అక్కయో పెరటిలో కూర్చుండి, ఇంత బూడిదయు పీచును తీసికొని తోమివేయును. పిమ్మట వాని మాట నెవరును తలపరు. మన పాలమూరు, నల్లగొండ పల్లెలలో దీనినే బాసండ్లు తోముట యందురు. కాని మూడువందలమంది పిల్లలు దినమునకు మూడు పూటలు భుజించు వసతిగృహమున నిది చిన్నపని కాదు. దినమునకు తొమ్మిదివందల పళ్ళెములు, అన్నియే గ్లాసులు, అవిగాక వంట గిన్నెలు. నేను బాలుడనై వసతిగృహమున చదువుకొను దినములలో, చలికాలపు తెల్లవాఱుజామున తొట్టి నీళ్ళలో చేతులు ముంచి అంట్లు తోము స్త్రీల వ్రేళ్ళు పగిలియుండుట చూచితిని. ఆ దృశ్యము నేటికిని నా కన్నులయెదుట నున్నది.

అందుచేత నే నెఱిగిన యొక వసతిగృహమునకు పూర్వవిద్యార్థి యొకరు అంట్లు కడుగు యంత్రమును, అనగా డిష్‌వాషరును, కొనియిచ్చినప్పుడు మిక్కిలి సంతోషించితిని. ఆ యంత్రమున కొంతకాలమునకు నీరు తగినంత వేడెక్కకుండుటయు, ఆ లోప మెక్కడ నున్నదో వెదకి పట్టుకొనుటయు ఈ వ్యాసమునకు విషయము. ఉష్ణము, విద్యుత్తు, కఠినజలము అను పాఠములను పరీక్షకొఱకు మాత్రమే వల్లించు విద్యార్థులు దీనిని కొంచెము శ్రద్ధతో చదువుదురుగాక. ఇంటిలో గీజరుగాని నీళ్ళు కాచు కడ్డీగాని యున్న తలిదండ్రులకును ఇందలి కొన్ని సంగతులు పనికివచ్చును.

యంత్రము వచ్చిన మొదటి సంవత్సరము పళ్ళెములు అద్దములవలె నుండెను. రెండవ సంవత్సరమున పిల్లలు సణుగుట కారంభించిరి. పప్పు తినిన పళ్ళెము మరునాటికిని పప్పు వాసన కొట్టుచున్నదని యొకడు. వ్రేలితో రాచినచో గీత పడుచున్నదని మఱియొకడు. ఇద్దఱు ముగ్గురు పిల్లలకు కడుపునొప్పియు వచ్చెను. అది పళ్ళెములవలననే వచ్చెనని నేను చెప్పజాలను గాని, అందఱును అట్లే అనుకొనిరి. నిర్వాహకులు యంత్రమువద్ద పనిచేయు నామెను పిలిచి, సబ్బు మిగుల్చుకొనుచున్నావనియు, తొందరపడి పని ముగించుచున్నావనియు కోపించిరి. ఆ నెల ఆమె జీతమున కొంత కోత విధించిరి. అట్లయినను జిడ్డు పోలేదు. ఆమెను తొలగించి మఱియొకరిని నియమింపవలెనను మాటయు పుట్టెను.

నేనొకనాడు ఆ త్రోవను పోవుచుండగా ఆమె నన్ను నిలిపి యిట్లనెను: "సారూ, నేను సబ్బు తక్కువ పోస్తలేను. మొదట పెట్టిన బుట్టలు మంచిగనే వస్తున్నయి. చివరికి పొయ్యేసరికే జిడ్డు పోతలేదు. మీరే నిలబడి చూడుండ్రి."

అంతకుముందు ఆమె యీ మాటను ఎందఱితో చెప్పెనో, ఎందఱు వినిరో నాకు తెలియదు. నామట్టునకు 'మొదట', 'చివర' అను రెండు పదములు చెవిని పడగానే సంగతి సబ్బు కాదని తోచినది. సబ్బు తక్కువైనచో మొదటి బుట్టకును చివరి బుట్టకును భేదమేల యుండవలెను? సోమరితనమైనచో మొదటి పళ్ళెములుమాత్రము శుభ్రముగా నేల రావలెను? క్రమక్రమముగా తఱుగుచున్న దేదో యొకటి ఆ యంత్రములో నున్నది. అది వేడిమియే కావలెనని యెంచి, మరునాడు ప్రయోగశాలనుండి ఒక థర్మామీటరు తీసికొని పోతిని.

ఇచ్చట కథను కొంచెము నిలిపి, పళ్ళెములు కడుగుటకు వేడినీ రెందులకో చెప్పవలసియున్నది. ఇంటిలో మన తల్లులు చన్నీళ్ళతోనే తోముచున్నారుగదా యని మీరడుగవచ్చును. చేతితో తోమునప్పుడు జిడ్డును ఊడదీయునది ముఖ్యముగా రాపిడి. పీచు గీరును, బూడిద రాపాడును. అంతేగాక కట్టెల బూడిదలో పొటాసియము కార్బొనేటు అను క్షారముండుటచేత అది జిడ్డులో కొంతభాగమును సబ్బుగా మార్చును. మన పూర్వులకు రసాయనశాస్త్రము రాకపోయినను చేతికి తెలిసిన సంగతి యిది. యంత్రమునకు చేతులు లేవు. లోపల తిరుగు గొట్టముల రంధ్రములనుండి నీరు వేగముగా చిమ్మి పళ్ళెములను తాకును, అంతే. రాపిడి లేని లోటును వేడిమియు, ఘాటైన సబ్బుద్రావకమును తీర్పవలెను. వనస్పతి, నెయ్యి వంటి క్రొవ్వులు చన్నీటిలో గడ్డకట్టి పళ్ళెమును పట్టుకొనియుండును. నూనె గడ్డకట్టదు గాని చల్లనినీటిలో చిక్కగానుండి తేలికగా విడువదు. వేడినీటిలో నివి రెండును పలుచనై జాఱిపోవును.

పెద్ద వంటశాలలకు చేసిన యంత్రములలో రెండు విధములైన వేడినీ రుండును. క్రింది తొట్టిలోని నీరు సబ్బుతో కలిసి సుమారు 60 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమితో పళ్ళెములపై పదేపదే చిమ్మబడును. తరువాత బాయిలరు అను వేఱొక పాత్రనుండి స్వచ్ఛమైన నీరు 82 డిగ్రీల వేడిమితో కడపటిసారి చల్లబడును. ఈ కడపటి నీరు సబ్బును కడిగివేయుటయేగాక పళ్ళెపు ఉపరితలమును 71 డిగ్రీలవఱకు వేడిచేయును. అంత వేడికి రోగక్రిములలో ఎక్కువభాగము నశించును. కావున నీరు వేడెక్కకుండుట జిడ్డుతో పోవు లోపము కాదు. కంటికి శుభ్రముగా కనబడు పళ్ళెముకూడ శుభ్రము కాకపోవచ్చును.

థర్మామీటరు లేనివారికి ఒక సులభమైన గుర్తు చెప్పెదను. వేడినీటితో కడుగబడిన స్టీలు పళ్ళెమును బయటికి తీయగనే అది ఆవిరి విడిచి, గుడ్డతో తుడువకయే కొలదిసేపటిలో తనంత తానే ఆఱిపోవును. చాలసేపటివఱకు నీటిబొట్లు నిలిచియున్నచో నీరు చాలినంత వేడిగా లేదని గ్రహింపవచ్చును. ఇండ్లలోని చిన్న యంత్రములకైనచో పని జరుగుచుండగా నడుమ తలుపు మెల్లగా తెఱచి చూడవలెను. ముఖమునకు వేడి ఆవిరి తగులనియెడల అనుమానింపవలసినదే. అయితే చిన్న యంత్రములలో చన్నీటితో ఊరక తడిపి విడుచు ఏర్పాటొకటి యుండును. ఆ మీటను పొరపాటున నొక్కి, యంత్రము చెడిపోయినదని బాగుచేయువానిని పిలిపించిన గృహస్థులు లేకపోలేదు. ముందుగా నది చూచుకొనుట మేలు.

యంత్రము పుట్టుకనుగూర్చి యొక మాట. పళ్ళెములు కడుగు యంత్రములలో మొదట పనికివచ్చినదానిని కల్పించినది జోసఫీన్ కొక్రేన్ అను అమెరికా దేశపు స్త్రీ. ఇల్లినాయి రాష్ట్రమందలి షెల్బీవిల్ ఆమె నివాసము. 1886 సంవత్సరము డిసెంబరు 28వ తేదీన ఆమెకు పేటెంటు లభించెను. 1893లో షికాగో నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనమున ఆమె యంత్రములు పనిచేసినవి. తన విలువగల పింగాణి పళ్ళెములను పనివారు పగులగొట్టుచున్నారని విసిగి ఆమె దీనిని తలపెట్టెనని చెప్పుదురు. పనివారిమీది ఫిర్యాదుతో పుట్టిన యంత్రము నూఱేండ్లు దాటినతరువాత మా వంటశాలలోను అటువంటి ఫిర్యాదునకే కారణమగుట నాకు వింతగా తోచినది.

ఇక మా పరీక్ష. సాయంకాల భోజనమైనతరువాత యంత్రమువద్ద నిలిచి, కడపటి నీటిని ఒక గిన్నెలో పట్టి వేడిమిని చూచితిని. మొదటి బుట్టకు 81 డిగ్రీలు. మూడవదానికి 70. ఆఱవ బుట్టనుండి 55 వద్ద నిలిచిపోయినది. ఆమె ప్రతి బుట్టను రెండు నిమిషములకొకటి చొప్పున ఏ లోపమును లేకుండ మార్చుచుండెను. సబ్బుద్రావకము సరిగా దిగుచుండెను. చిమ్ము గొట్టముల రంధ్రములలో మెతుకులు అడ్డుపడినవేమోయని చూచితిని. ఒకటి రెండు దొరికినవి గాని అవి యీ తేడాకు చాలవు. కావున లోపము వేడిచేయుటయందే యున్నదని స్థిరపడెను.

ఆశ్చర్యమేమనగా, యంత్రముమీద 'సిద్ధము' అని తెలుపు పచ్చదీపము ప్రతిదినము చక్కగా వెలుగుచునే యుండెను. నిర్వాహకులకు ఆ దీపమే సాక్ష్యము. ఆ దీప మబద్ధమాడలేదు. పని మొదలుపెట్టకముందు ఎంతసేపైన నిలుపవచ్చును గనుక, బలము తగ్గిన హీటరైనను మెల్లగా నీటిని 82 డిగ్రీలకు తెచ్చును, దీపము వెలుగును. కాని పని సాగునప్పుడు రెండేసి నిమిషములకు మూడేసి లీటర్ల వేన్నీరు ఖర్చగుచుండును, అంత చన్నీరు లోనికి వచ్చుచుండును. ఆ వేగమునకు హీటరు తట్టుకొనలేకున్నచో నీరు బుట్టబుట్టకు చల్లబడుచు పోవును.

దీనిని లెక్కలో చూపెదను. పై తరగతుల విద్యార్థులు కాగితము తీసికొందురుగాక. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు 4.19 కిలోజౌళ్ళు కావలెను. మా తొట్టినీరు 28 డిగ్రీలుండెను. దానిని 82కు తెచ్చుటకు 54 డిగ్రీలు పెంపవలెను. మూడు లీటర్లకు 3 × 54 × 4.19, అనగా సుమారు 680 కిలోజౌళ్ళు. మా బాయిలరులో ఒక్కొక్కటి 2 కిలోవాట్ల హీటరు కడ్డీలు మూడుండెను. మొత్తము 6 కిలోవాట్లు. 680ని 6తో భాగించినచో 113 సెకనులు వచ్చును. రెండు నిమిషములకు 120 సెకనులు. చూచితిరా, యంత్రమును చేసినవారు లెక్క సరిగానే వేసిరి; 7 సెకనులుమాత్రమే మిగులు. ఇంత స్వల్పమైన మిగులుతో నడచుదానికి ఏ చిన్న లోపము కలిగినను పని చెడును.

మొదట వోల్టేజిని చూచితిమి. హీటరు శక్తి వోల్టేజి వర్గమునుబట్టి మాఱును. 230 వోల్టులకు చేసిన కడ్డీకి 200 వోల్టులే అందినచో, 200ను 230తో భాగించి వర్గము చేయగా 0.756 వచ్చును, అనగా నాలుగింట మూడుపాళ్ళ శక్తి. పదమూడు పాళ్ళ వోల్టేజి తగ్గినచో ఇరువదినాలుగు పాళ్ళ వేడిమి తగ్గుననుట పాఠమున చదివినప్పుడు మనకు పట్టదు. ట్రాన్స్‌ఫార్మరునకు దూరముగా, తీగ చివరనున్న గ్రామములవారికి పొలములలో బోరు మోటార్లు నడుచు వేళల దీపములు ఎఱ్ఱబాఱుట అనుభవమే. మా ఎలక్ట్రీషియను సాయంకాలము కొలిచి చూడగా సరిగా 200 వోల్టులే యుండెను.

అయితే వోల్టేజి యొక్కటియే కారణమైనచో 6 కిలోవాట్లు నాలుగున్నర యగును. లెక్క ప్రకారము కడపటి నీరు 71 వద్ద నిలువవలెను. మాకు కనబడినది 55. ఇంకొక కారణము తప్పక యుండవలెనని యీ లెక్కయే చెప్పినది. లెక్కయొక్క ప్రయోజన మిట్టిచోటనే తెలియును. ఒక కారణము దొరకగానే సంతోషపడి ఇంటికి పోయియుంటిమేని ఒక స్టెబిలైజరు కొని, డబ్బు పోగొట్టుకొని, మరల ఆమెనే నిందించియుందుము.

తరువాత చూడవలసినవి ఫేజులు. మూడు ఫేజులమీద నడుచు హీటరునకు ఒక ఫేజు పోయినను యంత్రము ఆగదు. పంపు వేఱు ఫేజుమీద నున్నచో అది తిరుగుచునే యుండును, దీపము వెలుగుచునే యుండును, వేడిమిమాత్రము తగ్గును. కడ్డీలు న్యూట్రలుతో కూడియున్నచో మూడింట రెండుపాళ్ళు, న్యూట్రలు లేక కలుపబడినచో సగమే మిగులును. మన గ్రామములలో ఫ్యూజు తీగ తెగి ఒక ఫేజు పోవుట క్రొత్త సంగతి కాదు గనుక దీనిని మఱువరాదు. మాకు మూడు ఫేజులును వచ్చుచుండెను.

అప్పుడు ఎలక్ట్రీషియను గోడమీది మెయిను ఆపి, ఫ్యూజులు ఊడదీసి తన జేబులో వేసికొని, కడ్డీల నిరోధమును ఒక్కొక్కటిగా కొలిచెను. ఆ ఫ్యూజులను జేబులో వేసికొనుట చూచి పిల్లలు నవ్విరి. నవ్వదగినది కాదు, లోపల చేయి యున్నప్పుడు వెలుపల నింకెవరైన మెయిను వేయకుండుటకు అంతకన్న మంచి ఉపాయము లేదు. 2 కిలోవాట్ల కడ్డీకి నిరోధమెంత యుండవలెను? 230 వర్గమును 2000తో భాగించిన 26 ఓములకు కొంచెము పైగా. రెండు కడ్డీలకు 26 చొప్పున వచ్చెను. మూడవదానికి మీటరు ముల్లు కదలలేదు. తీగ తెగిపోయినది.

రెండు కడ్డీలు, అవియును 200 వోల్టులతో: 4 కిలోవాట్లు కావలసినవి మూడైనవి. రెండు నిమిషములలో 360 కిలోజౌళ్ళు. మూడు లీటర్లను అవి 29 డిగ్రీలుమాత్రమే పెంపగలవు. 28కి 29 కలిపిన 57. మేము చూచినది 55. ఆ రెండు డిగ్రీలు గొట్టములలోను గాలిలోను పోయినవి. లెక్కయు థర్మామీటరును ఇంత దగ్గరగా కలిసికొన్నప్పుడు కలిగిన సంతోషము నాకు పరీక్షాపత్రములు దిద్దునప్పుడు ఎన్నడును కలుగలేదు.

కాని కడ్డీ ఏల కాలినది? బాయిలరు మూత విప్పి చూడగా సమాధానము కంటికే కనబడినది. మూడు కడ్డీలను తెల్లని పెచ్చు కప్పుకొనియుండెను. కాలిపోయినదానిమీద రూపాయి బిళ్ళకన్న దళసరిగా నుండెను. గోటితో గీచిన రాలలేదు. అది యే వస్తువో మీరు చెప్పగలరు. నీళ్ళు కాచు ఇంటి పాత్రలోపల, టీ కాచు గిన్నె యడుగున, గీజరులో, రాగి బాయిలరులో మీరు చూచిన సున్నపు పెచ్చే యిది.

పాత నల్లగొండ, మహబూబునగరు జిల్లాలది ఎక్కువభాగము గ్రానైటు, నైసు రాతినేల. వాన తక్కువ. భూమిలోనికి దిగిన నీరు రాతిపగుళ్ళలో చాలకాలము నిలిచి రాతిలోని లవణములను కరగించుకొనును. మన నేలలలో పలుచోట్ల సున్నపు గడ్డలు కలిసియుండును. వానిని తాకిన వాననీరు గాలినుండియు మట్టినుండియు గ్రహించిన బొగ్గుపులుసు వాయువు సాయముతో ఆ సున్నమును కరగించును. ఇట్లేర్పడిన కాల్షియము బైకార్బొనేటు నీటిలో కంటికి కనబడదు. నీటిని కాచినప్పుడు బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి, కరగని కాల్షియము కార్బొనేటు మిగిలి, వేడి ఎక్కువగా నున్నచోటనే, అనగా కడ్డీమీదనే, పేరుకొనును. దీనినే తాత్కాలిక కాఠిన్యమని పుస్తకములలో చదివితిరి. కాచినచో పోవును గనుక ఆ పేరు పెట్టిరి. ఎచ్చటికి పోవునో పుస్తకము చెప్పదు. హీటరు కడ్డీ చెప్పును.

మా బోరునీటిని పరీక్షింపగా లీటరునకు 400 మిల్లీగ్రాముల కాఠిన్యము తేలినది. త్రాగునీటికి భారత ప్రమాణము 200. వేఱొక ఆధారము లేనిచోట 600వఱకు అంగీకరించిరి. దినమునకు 54 బుట్టలు, బుట్టకు 3 లీటర్లు, అనగా 160 లీటర్లకు పైగా నీరు ఆ బాయిలరుద్వారా పోవును. అందులోని కఠినపదార్థము 64 గ్రాములు. పదవవంతుమాత్రమే కడ్డీలపై నిలిచినదనుకొన్నను, పాఠశాల నడుచు 200 దినములలో కిలోకు పైగా సున్నము పేరుకొనును.

ఇచ్చట విద్యార్థులు చేయు నొక పొరపాటును సవరింపవలెను. పెచ్చు వేడిని పోనీయదు గనుక నీరు వేడెక్కదని చాలమంది వ్రాయుదురు. కట్టెలపొయ్యిమీది పాత్రకు అది నిజమే. పాత్ర అడుగున పెచ్చున్నచో మంట వేడి ప్రక్కలకు పోయి వృథా యగును. నీటిలో మునిగియున్న విద్యుత్తు కడ్డీకి వేఱుదారి లేదు. దానిలో పుట్టిన వేడిమి ఎప్పటికైనను ఆ నీటిలోనికే పోవలెను. పెచ్చువలన కలుగు హాని వేఱు. వేడి బయటికి పోవుటకు కష్టమగుటచేత కడ్డీ తనలో తాను అతిగా కాగును. సున్నపు పెచ్చు రాగితో పోల్చిన కొన్ని వందల రెట్లు తక్కువగా వేడిని ప్రసరింపజేయును. అట్లు కాగి కాగి లోపలి తీగ తెగిపోవును. మఱియొక విధముగాను పెచ్చు మోసము చేయును: కడ్డీకిని థర్మోస్టాటునకును నడుమ వంతెనవలె పేరుకొన్నచో, థర్మోస్టాటు నీటి వేడిమికి బదులు కడ్డీ వేడిమిని చూచి, పని అయిపోయినదని తలంచి విద్యుత్తును ముందే ఆపివేయును. అప్పుడు కడ్డీలన్నియు మంచివై, వోల్టేజియు సరిగానుండియు, నీరు గోరువెచ్చగానే యుండును. కాగునప్పుడు గీజరు టపటప చప్పుడు చేయుచున్నచో పెచ్చు పట్టినదని అనుమానింపవచ్చును.

మేము చేసిన చికిత్స సులభము. కాలిన కడ్డీని మార్చితిమి. మిగిలిన పెచ్చును నిమ్మ ఉప్పుతో తీసితిమి. గోరువెచ్చని నీటిలో లీటరునకు 50 గ్రాముల చొప్పున కరగించి బాయిలరులో నింపగా, నురుగు పొంగి బొగ్గుపులుసు వాయువు వెడలెను. రెండు మూడుసార్లు మార్చునప్పటికి కడ్డీలు మెఱసినవి. పిమ్మట మంచినీటితో పలుమాఱులు కడిగితిమి. మరుగుదొడ్లు కడుగు ఘాటైన ఆమ్లమును ఇందుకు వాడరాదు. అది సున్నముతోపాటు లోహమునుకూడ తినును, దాని ఆవిరి ఊపిరితిత్తులకు హాని. ఇండ్లలోని చిన్న యంత్రములలో నీటిని మృదువు చేయు రెసిను గది యుండును. అది కాల్షియమును పట్టుకొని సోడియమును విడుచును. దానికి శక్తి మరల వచ్చుటకు ఉప్పు పోయవలెను. వంట ఉప్పు కాదు, ఆ యంత్రములకై అమ్ము గడ్డ ఉప్పు. దానిని మఱచుటయే మన ప్రాంతమున పెచ్చు పట్టుటకు మూలమని నా అభిప్రాయము. మా వసతిగృహమునకు కృష్ణనీరుకూడ వచ్చుచుండెను. వంటకును త్రాగుటకును ఆ నీరు, యంత్రమునకు బోరునీరు అని యేర్పాటుండెను. కుళాయినీరు బోరునీటికన్న ఎంతో మృదువుగా నున్నదని సబ్బునురుగు పరీక్షవలన పిల్లలే తేల్చిరి: ఒక్కొక్క సీసాలో సమానముగా నీరు పోసి, చుక్కచుక్కగా సబ్బునీరు కలిపి కుదుపగా, కుళాయినీటికి కొలది చుక్కలకే నురుగు నిలిచెను. ఆ నీటిని యంత్రమునకు మార్చితిమి.

ఈ సందర్భమున తలిదండ్రులు గమనింపవలసిన సంగతి యొకటి కలదు. పెచ్చు కట్టని నీరు మంచినీరని మన గ్రామములలో ననుకొందురు. కాచినచో నీటిలోని దోషమంతయు పోవుననియు ననుకొందురు. కాచుటవలన క్రిములు చచ్చును, తాత్కాలిక కాఠిన్యము తగ్గును. ఫ్లోరైడు పోదు. నీరు కొంత ఆవిరియగుటచే మిగిలిననీటిలో దాని పాలు పెరుగును. పైగా ఫ్లోరైడు ఎక్కువగా నున్న నీటిలో కాల్షియము తఱచుగా తక్కువయుండును. అట్టినీరు గిన్నెకు పెచ్చు కట్టకపోవచ్చును, సబ్బునకు చక్కని నురుగు నీయవచ్చును. లీటరునకు ఒక మిల్లీగ్రాము, వేఱు గతి లేనిచోట ఒకటిన్నర, ఫ్లోరైడునకు హద్దు. దానిని మించిన నీటిని ఏండ్లతరబడి త్రాగి, పండ్లకు గారపట్టి, ఎముకలు వంగిన మనుష్యులను నల్లగొండ జిల్లాలో చూడనివారు లేరు. నాగపూరునందలి జాతీయ పరిశోధనాసంస్థ నీరీవారు 1970వ దశకమున పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును తగ్గించు పద్ధతి నొకటి యేర్పఱచి దానికి మన నల్లగొండ పేరే పెట్టిరి. టాంజానియాలోకూడ దానిని ప్రయోగించి చూచిరి. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ నదీజలములను గ్రామములకు తెచ్చినది. కుళాయి నిలిచిన దినమున బోరునీటినే త్రాగు అలవాటు మాత్రము పోలేదు. పళ్ళెములు కడుగుటకు తగిన నీరెల్ల త్రాగుటకు తగినది కాదు. పరీక్ష చేయింపక కంటితోను నాలుకతోను నిశ్చయింపరాదు.

బాలురకు ఇంకొక హెచ్చరిక. నేను వ్రాసినది చదివి ఇంటిలోని గీజరు మూత విప్పబోవలదు. వేడిమిని కొలుచుట, పళ్ళెము ఆఱుట చూచుట, లెక్క వేయుట మీ పని. మూత విప్పుట తెలిసినవాని పని. బకెట్టులో వేయు నీళ్ళు కాచు కడ్డీ మఱింత ప్రమాదకరము. స్విచ్చి ఆపి, ప్లగ్గు ఊడదీసినతరువాతగాని ఆ నీటిలో వ్రేలు పెట్టకూడదు. ఎర్తు లేని ప్లగ్గులో దానిని పెట్టకూడదు.

ఆమె జీతమున కోసిన సొమ్మును నిర్వాహకులు మరుసటి నెల తిరిగి యిచ్చిరి. వారే స్వయముగా వంటశాలకు వచ్చి, నాలుగు మాటలు తొందరపడి అంటినని ఆమెతో చెప్పిరి. అట్లు చెప్పుట వారికి సులభమై యుండదు. నేను థర్మామీటరును తిరిగి ప్రయోగశాలకు తీసికొనిపోక, గొట్టమునకు అమర్చు గుండ్రని ముల్లు థర్మామీటరు నొకటి తెప్పించి యంత్రముమీద బిగింపించితిని. ఆమె చదువుకొనలేదు, అందుచేత 82 వద్ద ఎఱ్ఱరంగుతో ఒక గీత గీచి, ముల్లు ఈ గీతను దాటినగాని బుట్ట పెట్టవలదని చెప్పితిని. ముల్లు ఆలస్యము చేసినప్పుడు ఆమె రెండు నిమిషములకు బదులు మూడు నిమిషములు నిలుపును. పని కొంచెము ప్రొద్దుపోయి ముగియును గాని పళ్ళెములన్నియు ఒక్కతీరుగా వచ్చుచున్నవి.

గడచిన వేసవిలో కుళాయినీరు పదిదినములు రాక, యంత్రమునకు మరల బోరునీరే వాడవలసివచ్చినది. పాఠశాల తెఱచిన మూడవవారమున ఆమె తరగతిగది గుమ్మమువద్దకు వచ్చి నిలిచెను. "సారూ, ముల్లు గీత కాడికి రానీకె శానసేపు పడుతున్నది. నిమ్మ ఉప్పు తెప్పిస్తరా?" అని యడిగెను. మూత విప్పి చూడగా కడ్డీలమీద పెచ్చు అప్పుడప్పుడే పలుచగా పట్టుచుండెను. మూడు కడ్డీలును బాగుగనే యుండెను.